ఆరుగురు, నాలుగు వందల ఎనిమిది కిలోలు

కీల్పాక్‌లో ఏడంతస్తుల బిల్డింగది.
పైన మోటారు గదిలో, పావురాల రెట్ట కంపులో,
ఇనుప తాడు మీద గుడ్డ పెట్టి లాగితే
గుడ్డ చిక్కుకుంది.
ఒకచోట కాదు. మూరెడు మేర నాలుగుచోట్ల
తెగిన తీగలు ముళ్లలా లేచి ఉన్నాయి.

ఇళంగో సారు ఫోన్లో నెమ్మదిగానే అన్నాడు:
"మార్చి దాకా ఆగుతుందిలే రత్నం, సంతకం పెట్టెయ్."
చెడ్డవాడు కాడు.
మా ఆవిడ కాన్పుకి అడక్కుండానే
ఇరవై వేలు చేతిలో పెట్టినవాడు.
అదే నా చిక్కు.

కాగితం మడిచి జేబులో పెట్టుకుని మూడు రోజులు తిరిగాను.
ఆదివారం వేపేరి తెలుగు చర్చిలో
వెనక బల్ల మీద కూర్చుని అడిగాను:
ప్రభువా, ఒక్క మాట.
పాస్టరు గారు పైకప్పు కారుతోందన్నారు, కానుకలు తగ్గాయన్నారు.
నా మాట రాలేదు.
కళ్లు మూసుకుని గ్రంథం తెరిచి వేలు పెట్టాను.
వంశావళి.
పేజీ నిండా ఎవరి కొడుకు ఎవరో.
నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపూ.

సువార్తమ్మ గారిది పుళియంతోపు బోర్డు ఇళ్లలో నాలుగో అంతస్తు.
ఎముకల ఆసుపత్రిలో ముప్పయ్యేళ్లు ఆయా.
మావాళ్లకి ఏ కష్టమొచ్చినా ఆ గడప తొక్కాల్సిందే.
అక్కడి లిఫ్టు ఆగిపోయి రెండేళ్లు.
ఇప్పుడందులో ఒక పాత పరుపూ, ఒక మేకా.
మెట్లెక్కాను.

తలుపు తీసే ఉంది. వాన జల్లు గడప దాటి కొడుతోంది.
చేట ముందేసుకుని చింతపండులో గింజలు తీస్తోంది ఆమె.
అంతా చెప్పాను. తాడు, తీగలు, ఇరవై వేలు.
పాపమో కాదో తేల్చమన్నాను.
ఆమె చెయ్యి ఆగలేదు.

"తాడు సంగతి నాకేం తెలుసురా.
ప్రార్థన చేస్తాను. అది ఎవరెక్కుతారు?"
"జనం, అమ్మా."
"జనం కోసం ప్రార్థన చెయ్యడం నాకు రాదు.
పేర్లు చెప్పు."

ఆరో అంతస్తు రంగనాయకి మామి,
వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి పోతూ
లిఫ్టు అద్దంలో బొట్టు సరిచేసుకుంటుంది.
ఇస్త్రీ బట్టలు మోసే సెల్వి.
మూడో అంతస్తు కవలలు ఆద్య, అమేయ,
అన్ని బటన్లూ నొక్కేసి పారిపోతారు.
పాల పాకెట్ల పిల్లాడు, పేరు తెలీదు.
"తెలీకపోతే కనుక్కో."

పేరుకో గింజ పక్కన పెడుతోంది.
ఐదో గింజ దగ్గర నా గొంతు పూడుకుపోయింది.
లిఫ్టు లోపల ఇత్తడి పలక ఉంటుంది:
ఆరుగురు, నాలుగు వందల ఎనిమిది కిలోలు.
పదేళ్లుగా తుడుస్తున్నాను దాన్ని.
ఏ ఆరుగురని ఒక్కసారీ అనుకోలేదు.

"సంతకం పెట్టమన్నవాడి పేరు?"
"ఇళంగో."
ఒక గింజ.
"నీ పేరు?"
"నీకు తెలీదా అమ్మా?"
"నాకు కాదు, ఆయనకి చెప్పు."
"దయారత్నం," అన్నాను, బడిలో హాజరు పలికినట్టు.

ప్రార్థన చిన్నదే. సలహా ఏమీ లేదు.
ఆమేన్ వెంటనే, "చారు తాగి పో," అంది.

దిగుతుంటే మేక తలెత్తి చూసింది.
మెట్ల మలుపులో కాగితం గోడకి ఆనించి
పనికిరాదని రాశాను, తమిళంలో.
చినుకు పడి ఒక అక్షరం అలుక్కుపోతే
మళ్లీ దిద్ది, కింద సంతకం పెట్టాను.

రేపు ఉద్యోగం ఉంటుందో లేదో.
ఇరవై వేల బాకీ మాత్రం ఉంటుంది.
ఆ రాత్రే కీల్పాక్ వెళ్లి మెయిన్ తీసేసి
బోర్డు తగిలించాను.

తెల్లవారుజామున మెట్ల దగ్గర
పాల పిల్లాడు నన్ను నోటికొచ్చినట్టు తిట్టాడు.
"నీ పేరేంటి తంబీ?"
చెప్పలేదు.
క్రేటుకి రెండో పక్క నేను పట్టుకున్నాను.
నాలుగో అంతస్తు దగ్గర చెప్పాడు.